దండ వేసిన ఫోటో

నేను సినిమాల్లో చాలాసార్లు చచ్చిపోయాను.

నటుణ్ని కాను. ఇళ్ల సెట్లు వేసేవాణ్ని. మా పనిలోకి వచ్చినప్పుడు మమ్మల్ని ఆర్ట్ డైరెక్టర్లనేవారు, రిటైరయ్యేనాటికి ప్రొడక్షన్ డిజైనర్లమయ్యాం. పేరు పొడుగైంది, పని మాత్రం అదే. లేని ఇంటిని ఉన్నట్టు, ఉన్న ఇంటిని ఇంకెవరిదో అయినట్టు చూపించాలి. ఏ ఇల్లు వేసినా హాల్లో గోడ మీద ఒక ఫోటో ఉంటుంది, దానికి దండ ఉంటుంది. హీరోకు తండ్రి లేడని ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు, ఆ దండే చెప్పేస్తుంది. ఆ ఫోటోలో ఉన్న తండ్రిని నేనే. ఒక సినిమాలో మీసంతో, ఒకదాంట్లో మీసం తీసేసి, ఒకదాంట్లో పోలీసు టోపీతో, ఇంకోదాంట్లో తలపాగాతో పోయాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మా కరీంనగర్ ఇంటికి వచ్చి అడుగుతుంటారు, పెద్ద పెద్ద కోటల సెట్లు ఎలా వేశారు సార్ అని. కోటలదేముంది, ప్లైవుడ్డూ మేకులూ ఉంటే ఎవరైనా వేస్తారు. నా వృత్తిలో నన్ను నిలువునా కొయ్యబార్చింది ఒక చిన్న ఫోటో. దాని గురించే చెప్తాను, వినండి.

మాస్టారి మాట

నాకు పని నేర్పిన మాస్టారు కోస్తా మనిషి. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. నేను చేరిన కొత్తలో ఒక సెట్టుకు తండ్రి ఫోటో కావాల్సి వస్తే, పాత ఫోటో స్టూడియోలో ఎవరూ తీసుకుపోని ఫోటో ఒకటి తెచ్చి దండ వెయ్యబోయాను. మాస్టారు నా చేతిలోంచి లాక్కున్నారు.

"ఒరేయ్, పరాయి మనిషి ఫోటోకి ఎప్పుడూ దండ వెయ్యకు. చచ్చినవాడిదైతే వాళ్లవాళ్లు చూసి ఏడుస్తారు. బతికున్నవాడిదైతే వెతుక్కుంటూ వచ్చి తంతారు. మన మొహం ఉంది కదా! ఎన్నిసార్లు చంపుకున్నా అడిగేవాడుండడు" అన్నారు.

అప్పటిదాకా ఆయన సినిమాలన్నిటిలో ఆయనే చచ్చిపోతూ వచ్చారట. ఆ రోజు నుంచి ఆ కిరీటం నా నెత్తిన పెట్టారు.

అడిగేవాడుండడు అన్న మాట మాత్రం తప్పని కరీంనగర్ టాకీసులో తేలింది. నా ఫోటో ఉన్న మొదటి సినిమాకు మా అవ్వను, నన్ను కన్నతల్లిని, తీసుకుపోయాను. పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఈ గోడలన్నీ నేను వేసినవే అని గొప్పగా చూపిస్తున్నాను. దండ వేసిన నా ఫోటో తెర నిండా వచ్చింది. మా అవ్వ ఒక్క కేక పెట్టింది. కేక కాదు, శోకం అది. నా చెయ్యి తన చేతిలోనే ఉంది, నేను వెచ్చగా ఊపిరి పీలుస్తూ పక్కనే ఉన్నాను, అయినా ఆమె "అయ్యో నా కొడ్కో!" అని రొమ్ము బాదుకుంది. హాలంతా మావైపు తిరిగింది.

ఇంటికొచ్చాక ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసి, "కూటి కోసం పీనుగవైతవారా కొడ్కా?" అని అడిగింది. బాపు నవ్వాడు గాని ఆమె నవ్వలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా సినిమా ఒక్కటీ చూడలేదు.

అబద్ధమని తెలిసీ, పక్కన నన్ను పట్టుకునీ ఏడ్చిందంటే దండకు ఎంత బలముందో చూడండి. అంతవరకు నాకు దండంటే ప్రాపర్టీ, సెట్టు సామాను. కుర్చీ, కుండ, లాంతరు, దండ. ఆ రోజు తర్వాత దండ ముట్టుకున్నప్పుడల్లా చెయ్యి జంకేది.

అయినా ఫోటో అలవాటు మానలేదు. శ్రీరాంపూర్‌లో బొగ్గుగని కార్మికుడి క్వార్టర్ తీసుకుని షూటింగ్ చేశాం. పని ముగిశాక నా ఫోటో గోడకే మరిచిపోయి వచ్చాం. చాలాకాలానికి అటు పోయినప్పుడు చూస్తే, ఆ ఇంట్లో నేను ఇంకా గోడ మీదే ఉన్నాను. దసరాకు పసుపు బొట్టు కూడా పెట్టారు. ఈయనెవరని నేనే అడిగాను. "తెల్వది సార్, సినిమోళ్ల తాత. తియ్యబుద్ధి కాలే" అంది ఆ ఇంటావిడ. నా మొహం చూస్తూ కూడా పోల్చుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక చాయ్ తాగి వచ్చేశాను.

పెద్దపల్లి దగ్గరి ఇల్లు

ఇక అసలు సంగతి. నా చివరి సినిమాల్లో అదొకటి. గల్ఫ్‌కు పోయిన పెద్దకొడుకు శవమై తిరిగొచ్చాక ఆ ఇంట్లో మిగిలినవాళ్ల కథ. డైరెక్టర్ చిన్నవాడు, బుద్ధిమంతుడు. మన ఊళ్లంటే గొంగడీ, బోనం, కల్లుకుండ అనుకునే డైరెక్టర్ల దగ్గర పనిచేసి విసిగిపోయిన నాకు అతను నచ్చాడు. సెట్టు వద్దు, నిజమైన గల్ఫ్ ఇల్లే కావాలన్నాడు.

పెద్దపల్లి దగ్గర ఒక ఊళ్లో అలాంటి ఇల్లు దొరికింది. వరి పొలాల అంచున స్లాబు ఇల్లు. ముందు గదికి రంగు వేసి ఉంది, వెనక గదులకు సిమెంటు కూడా పూయలేదు. అంటే పైసలు వచ్చినన్నాళ్లు కట్టారు, ఆగిన చోట ఆపేశారు. ఇంట్లో ముగ్గురే ఉంటారు. అత్త మల్లవ్వ, కోడలు స్వరూప, బడికి పోయే బిడ్డ. స్వరూప బీడీలు చుడుతుంది. మాతో మాట్లాడుతున్నా చేతులు మాత్రం ఆగవు. ఆ ఇంటి మగవాడు శంకర్ మస్కట్‌లో ఉన్నాడని చెప్పారు.

హాల్లో గోడకు దండ వేసిన ఫోటో కావాలి. కథలో చనిపోయింది ముప్పై ఏళ్లవాడు. నా మొహం చూస్తే తాత. ఇన్నేళ్లలో మొదటిసారి నా చావు పనికిరాలేదు. యూనిట్‌లో ఉన్న కుర్రవాళ్లందరినీ అడిగాను. డ్యాన్సు చెయ్యమంటే ఎగబడేవాళ్లు, దండ అనగానే మాయమయ్యారు. "పోనీ మీ ఫోటో పెడదామా బాబూ" అని డైరెక్టర్‌నే అడిగాను. "మా అమ్మ ఊరుకోదు సార్" అన్నాడు. మా అవ్వ గుర్తొచ్చి నేనూ బలవంతపెట్టలేదు.

ఇదంతా గుమ్మం దగ్గర కూర్చుని వింటున్న స్వరూప, బీడీల చాట పక్కన పెట్టి లేచింది. ఆమె చేతులు ఆగడం నేను చూసింది అప్పుడే.

"అన్నా, మా ఆయన ఫోటో పెట్టున్రి."

నాకు అర్థం కాలేదు. "ఆయనకేమైందమ్మా?" అన్నాను.

"ఏమైందో తెల్వదు. గదే కద నా పరేషాన్. పోయిన కొత్తల ఫోన్ చేస్తుండె. ఇగ కంపెనీ ఇడిసిపెట్టి కల్లివెల్లి అయిండు. అప్పట్సంది ఫోన్ లేదు, కబురు లేదు."

పాస్‌పోర్టు యజమాని దగ్గరే వదిలేసి, దొంగచాటుగా బయట పనులు చేసుకు బతికేవాళ్లను మనవైపు కల్లివెల్లి అంటారు. వాళ్ల జాడ ఏ ఆఫీసులోనూ దొరకదు.

"ఉన్నడంటరు కొందరు. పోయిండంటరు కొందరు. నేను ఏమనుకొని బతకాలె?" అంది. "గా రూములల్ల ఉండేటోళ్లు శుక్రారం వచ్చిందంటె తెలుగు సినిమాలే చూస్తరన్నా. ఈయనకైతె సినిమా అంటె పానం. బతికుంటె చూస్తడు. తన ఫోటోకు దండ చూసుకున్నోడు ఊకుంటడా? ఫోన్ చేస్తడు. చెయ్యలేదనుకో, ఇగ దండ ఉండాల్సిన కాడనే ఉన్నట్టు."

నేను కుర్చీలో వెనక్కి పడ్డాను. ఇన్నేళ్ల సినిమాల్లో ఎందరో రచయితల కథలు విన్నాను, ఇంత మాట ఎవరి నోటా వినలేదు. ఆమె కంట్లో నీరు లేదు. ఎవరో పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

లోపలి నుంచి మల్లవ్వ వచ్చిందో, ఊడిపడిందో తెలియదు.

"ఏమే! నా కొడ్కును సినిమాల సంపిపిస్తవా? నీ నోట్ల మన్నువడ!"

"సంపుతలేనత్తా" అంది స్వరూప. "పిలుస్తున్న."

మల్లవ్వ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. నేను నా వస్తువులు సర్దుకోవడం మొదలుపెట్టాను. మాస్టారి మాట చెవిలో మోగుతోంది, టాకీసులో మా అవ్వ కేక దానికంటే గట్టిగా మోగుతోంది. "వద్దమ్మా, ఇది నాతో కాదు" అన్నాను.

అప్పుడు మల్లవ్వే నన్ను ఆపింది. నా సామాను మీద చెయ్యి వేసి అడిగింది.

"నిజంగ చూస్తడా సార్, వాడు?"

"చెప్పలేనవ్వా."

"చూస్తె ఫోన్ చేస్తడా?"

ఏం చెప్పను? సర్దిన మేకుల డబ్బా కింద పెట్టాను.

"పెట్టు" అంది. "కాని పువ్వుల దండ ముట్టనియ్య. కాయితం పువ్వులతోని చెయ్యి. అది అబద్ధమని దేవునికి తెల్వాలె."

కాగితం దండ

ఆ దండ నేనే చేశాను, ఎవరికీ ఇవ్వలేదు. ముడతల కాగితం కత్తిరించి, బంతిపువ్వులుగా మడిచి, అంచులకు రంగు అద్ది, దారానికి గుచ్చాను. అది కెమెరాకు నిజం పువ్వులాగా కనబడాలి, దేవుడికి మాత్రం కాగితమని తెలియాలి. అలాంటి పని నాకు అంతకుముందూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

ఫోటో ఎక్కడ పెట్టాలన్నది స్వరూప చెప్పింది. నేను మూలకు పెట్టబోతే ఒప్పుకోలేదు. "ఆడ పెడితె కనవడదన్నా. ఆయన చూసేది సెల్లుల. సెల్లెంత ఉంటది చెప్పు? పెద్దగ పెట్టు" అంది. నాతో పనిచేసిన డైరెక్టర్లలో సగం మందికి తమకేం కావాలో ఇంత స్పష్టంగా తెలియదు. ఫోటో పెద్దది చేయించాను. హీరో పొడగరి, అతను తలెత్తి చూడాలి గనక మేకు బాగా ఎత్తున కొట్టాను. వెలుగు నేరుగా శంకర్ మొహం మీద పడేట్టు కిటికీ తలుపు సగం తీయించాను. మెడ దగ్గర గల్లా గుండీ పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు ఫోటోలో. చెడ్డవాడిలా అనిపించలేదు.

షాట్ తీస్తున్నంతసేపూ మల్లవ్వ గదిలో తలుపేసుకుంది. కట్ అని వినబడగానే పరుగెత్తుకొచ్చి, "తియ్యి, తియ్యి, జర జల్ది తియ్యి సార్" అని నా అంగీ పట్టి లాగింది. మేకు ఆమెకు అందదు. నేనే ఎక్కి తీసిచ్చాను. ఆమె దండను మూలకు విసిరేసి, ఫోటోను కొంగుతో తుడిచి, ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. అచ్చం మా అవ్వలాగే. నేను బయటికి వచ్చి కళ్లు తుడుచుకున్నాను.

సామాను ఎత్తేసేటప్పుడు మేకు పీకబోతే స్వరూప ఉండనీయమంది.

ఆ తర్వాత నేను చెయ్యగలిగింది ఒకటే. ఎడిటింగ్‌లో ఆ షాట్ తీసేయకుండా చూడడం. తీసేద్దామన్నారు, కథ ఆగుతోందన్నారు. నేను జీవితంలో మొదటిసారి ఒక డైరెక్టర్‌ను బతిమాలుకున్నాను. అతను నా మొహం చూసి ఉంచేశాడు. సినిమా విడుదలైంది, కొన్నాళ్లకు ఫోన్లలోకీ వచ్చింది. నేను రిటైరై కరీంనగర్ చేరాను. ఫోన్ వచ్చిందా అని స్వరూపను అడగాలని చాలాసార్లు అనుకున్నాను, ధైర్యం చాలలేదు. రాలేదంటే ఏమనాలి?

మళ్లీ ఆ గుమ్మంలో

ఈ మధ్య పెద్దపల్లిలో చుట్టాల పెళ్లికి పోయాను. భోజనాలయ్యాక కాళ్లు వాటంతట అవే ఆ ఊరి ఆటో ఎక్కాయి.

మల్లవ్వ గుమ్మంలో కూర్చుని ఒళ్లో పువ్వులు పోసుకుని దండ గుచ్చుతోంది. బంతిపువ్వులు. నన్ను చూసి, "అగో, సినిమా సారు! రా, రా" అంది. నవ్వుతూ లోపలికి అడుగుపెట్టి, తలెత్తి చూశాను.

నేను కొట్టిన మేకుకే శంకర్ ఫోటో ఉంది. దానికి దండ ఉంది. కాగితానిది కాదు. వాడిన బంతిపూల దండ, నిన్నటిదై ఉంటుంది. కింద అగరుబత్తి నుసి.

చెప్పులు విప్పి నేల మీద కూర్చున్నాను. అయితే ఫోన్ రాలేదన్నమాట. కబురే వచ్చిందన్నమాట. ఆ కాగితం దండ చేసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎప్పుడవ్వా?" అన్నాను.

"ఏదెప్పుడు?"

"అదే... శంకర్..."

మల్లవ్వ సూది ఆపి నావైపు చూసింది. "వానికేమైంది? మంచిగున్నడు. ఫోన్ చేసిండు."

నాకు ఒక్క క్షణం ఆమెకు మతి చలించిందేమో అనిపించింది. ఇంతలో స్వరూప వెనక గదిలోంచి బీడీల చాటతో వచ్చింది. నుదుట బొట్టు అలాగే ఉంది, కాళ్లకు మెట్టెలున్నాయి. నా మొహం చూసి సంగతి గ్రహించినట్టుంది.

"బతికే ఉన్నడన్నా. గాబరపడకు" అంది. కూర్చుని ఆకు అందుకుని చుట్టడం మొదలుపెట్టి, తల ఎత్తకుండా చెప్పింది. "నువ్వు పెట్టిన ఫోటో మంచిగ కనవడ్డదట. రూంల అందరు చూసిండ్రట. ఫోన్ ఎత్తంగనే హలో అనలే. 'నా ఫోటోకు దండేసింది ఎవలు?' అన్నడు. అందరు నవ్వుతుండ్రట, ఇజ్జత్ పోయిందట. బిడ్డ ఎన్నో క్లాసని అడుగుతడని చూసిన. అడగలే."

"నువ్వేమన్నావమ్మా?"

"ఏమంట? అత్తకిచ్చిన ఫోను."

మల్లవ్వ పువ్వులోకి సూది దించింది. "కొడ్కా, నేనురా అన్న. 'నీ కోడలికి చెప్పు, దండ తియ్యమను' అన్నడు. గంతే. నేను తిన్ననా, ఉన్ననా, సచ్చిననా, ఏం అడగలే. ఎక్కడున్నడో చెప్పలే. పనుంది, మల్ల చేస్త అన్నడు. మల్ల చెయ్యలే. గా నంబర్‌కు మేం చేస్తె ఎత్తుతలేడు."

ఎవరూ ఏడవలేదు. ఏడుపుల కాలం దాటిపోయి చాలా రోజులైనట్టుంది.

"మరి ఈ దండ?" అన్నాను.

"నేనే ఎయ్యమన్న" అంది మల్లవ్వ. "ఫోన్ పెట్టేసినంక కాయితం దండను పొయ్యిల పడేసిన. అబద్ధపు దండ ఇంట్ల ఎందుకు? గీ పువ్వులు మా పెరట్లయే."

"ఊరంత నోరు చేసుకున్నరన్నా, మొగడు బతికుండంగ గిదేం పని అని" అంది స్వరూప. "అననీ. బొట్టు తియ్యవా అని గూడ అడిగిండ్రు. బొట్టు నేను పుట్టినప్పట్సంది ఉన్నది, ఆయన తెచ్చిందా?"

మా అవ్వ కేక ఎన్నేళ్లుగానో నా చెవిలో ఉంది. బతికున్న కొడుకు పక్కనే ఉండగా, తెర మీది అబద్ధానికి గుండె బాదుకున్న తల్లిని చూశాను. ఇక్కడ ఇంకొక తల్లి, కొడుకు బతికున్నాడని తన చెవులతో విన్న తర్వాత, నిజం పువ్వులు గుచ్చుతోంది.

పిల్లలూ, ఈ వృత్తి గురించి మీకు పెద్దగా చెప్పడానికేమీ లేదు. మాస్టారి సూత్రం మంచిదే, పాటించండి. పరాయి ఫోటోకు దండ వెయ్యకండి. కానీ గోడకు మేకు కొట్టేది మనం, దానికి ఏం తగిలించాలో ఆ ఇంటివాళ్లు తర్వాత తేల్చుకుంటారు. అది మన చేతిలో ఉండదు.

మల్లవ్వ దారం కొసన ముడి వేసి, పంటితో కొరికి తెంపింది. దండ ఎత్తి చూసుకుంది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"రోజు కోడలే పీట ఎక్కి ఏస్తది. ఎత్తున కొడితివి మేకు, నాకు అందదు. ఇయ్యాల ఎట్లాగు వచ్చినవు కద, జర నువ్వెయ్యి సారూ."

చేతిలో పెట్టింది. పువ్వులు చల్లగా, తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ల పనిలో నిజం పువ్వుల దండ పరాయి మనిషి ఫోటోకు ఎప్పుడూ వేసి ఎరుగను. వద్దందామనుకున్నాను. ఆ తల్లి తలెత్తి ఫోటోను చూస్తూ నిలబడింది. పీట ఎక్కాను. వాడిన దండ తీసి కిందికి అందించాను. శంకర్ నవ్వీ నవ్వనట్టు అలాగే ఉన్నాడు. కొత్త దండ వేశాను.

వెనక నుంచి స్వరూప గొంతు వినబడింది.

"జర వంకరున్నదన్నా. సక్కగ చెయ్యి."

సరిచేసి దిగాను.